ముత్తుస్వామి దీక్షితులు

కావేరీనది పారు పంటభూముల నడుమ తిరువారూరు అను ప్రాచీన పుణ్యక్షేత్రము కలదు. పదునెనిమిదవ శతాబ్దమున ఆ ఒక్క ఊరిలోనే, పదునాలుగేండ్లయినను నిండని వ్యవధిలో, ముగ్గురు మహానుభావులు జన్మించిరి. 1762లో శ్యామశాస్త్రి, 1767లో త్యాగరాజు, 1775లో ముత్తుస్వామి దీక్షితులు జన్మించిరి. కర్ణాటక సంగీతమునకు ఈ మువ్వురును త్రిమూర్తులని లోకము కొనియాడుచున్నది. త్యాగరాజస్వామి కీర్తనలు తెలుగుననుండుటచే ఆయన మనకు ఇంటివాడయ్యెను. శ్యామశాస్త్రియు పెక్కు కృతులను తెలుగుననే రచించెను. దీక్షితుల కృతులు చాలవరకు సంస్కృతమున నున్నవి. అందుచే ఆయన జీవితకథ మన బాలబాలికలకు అంతగా పరిచితము కాలేదు.

ఆ కథలో విశేషమొకటి కలదు. తన కాలమున దేశమున వినవచ్చిన సంగీతములనన్నింటిని ఆయన చెవియొగ్గి వినెను. ఆలయములలోని నాగస్వరమును వినెను; కాశీలోని ధ్రుపదమును వినెను; చెన్నపట్టణపు కోటలో తెల్లదొరల సిపాయిలు వాయించు బ్యాండును సైతము వినెను. వినినవానిలో మనసుకు నచ్చినవానిని ఏరి తెచ్చి, తన ఇష్టదేవతల పాదములకడ సమర్పించెను. అయినను ఆయన పాట ఎన్నడును ఎరువు పాట కాలేదు. ఇది ఎట్లు సాధ్యమయ్యెనో తెలిసికొనుటకే ఈ చరిత్రను చదువవలెను.

ముత్తుస్వామి తండ్రి రామస్వామి దీక్షితులు, తల్లి సుబ్బమ్మ. రామస్వామి దీక్షితులు గొప్ప సంగీత విద్వాంసుడు. హంసధ్వని రాగమును కల్పించినవారు ఆయనయే యని ప్రసిద్ధి. చాలకాలము సంతానము లేక, ఆ దంపతులు వైదీశ్వరన్ కోయిలలోని ముత్తుకుమారస్వామిని కొలిచిరి. ఆ దేవుని అనుగ్రహమున కలిగిన బిడ్డ యగుటచే కుమారునకు ముత్తుస్వామి యని పేరిడిరి. తరువాత చిన్నస్వామి, బాలుస్వామి యను ఇద్దరు కుమారులును, బాలాంబ యను కుమార్తెయు కలిగిరి.

ఆ ఇంట విద్యకు కొదువలేదు. ముత్తుస్వామి బాల్యముననే వేదమును, సంస్కృత కావ్యములను, వ్యాకరణ జ్యోతిషములను అభ్యసించెను. తండ్రియే గురువై గాత్రమును, వీణను నేర్పెను. వేంకటమఖి యను మహాపండితుడు పదునేడవ శతాబ్దమున రాగములనన్నింటిని డెబ్బదిరెండు మేళములక్రింద సర్దియుండెను. ఆ సంప్రదాయమును రామస్వామి దీక్షితులు కుమారునకు కంఠపాఠము చేయించెను. ఏ రాగమున ఏ స్వరము ఎట్లు పలుకవలెనో, ఎచ్చట నిలువవలెనో, ఎచ్చట నిలువరాదో ఆ బాలునకు నరనరమున జీర్ణించెను. ఈ గట్టి పునాది ఉండుటచేతనే, తరువాత ఎన్ని క్రొత్త సంగీతములు చెవిని సోకినను ఆయన తడబడలేదు. వేరు లోతుగా పాతుకొన్న చెట్టు ఏ గాలికిని జంకదు గదా!

చెన్నపట్టణమునకు ఉత్తరమున మణలి యను ఊరు కలదు. ఆ ఊరి ప్రభువు ముత్తుకృష్ణ మొదలియారు తూర్పు ఇండియా కంపెనీవారికి దుబాసీ, ధనవంతుడు, రసికుడు. ఆయన రామస్వామి దీక్షితుల విద్వత్తును విని, సకుటుంబముగా తన యొద్దకు రావించి ఆదరించెను. ఆయన తరువాత కుమారుడు చిన్నయ్య మొదలియారును అట్లే గౌరవించెను. చిన్నయ్య మొదలియారుకు కంపెనీ దొరలతో స్నేహము. అందుచే దీక్షితుల కుటుంబమువారికి సెయింటు జార్జి కోటలో బ్యాండు మేళమును వినుభాగ్యము కలిగెను.

ఆ బ్యాండు మన మేళములవంటిది కాదు. కొమ్ములు, పిల్లనగ్రోవులు, భేరులు ఒక్కటిగా మ్రోగును. సిపాయిల అడుగులకు సరిపోవునట్లు తాళము ఒక్క వెంట్రుకవాసియైనను తప్పక నడచును. మన సంగీతమునకు గమకము ప్రాణము. గమకమనగా స్వరమును ఉన్నచోట ఉండనీయక ఊగించుట, కదలించుట, ఒక స్వరము నుండి మరియొక స్వరమునకు జార్చుట. బ్యాండు పాటలో గమకము లేదు. మెట్లపై ఒక్కొక్క అడుగే వేసినట్లు స్వరములు విడివిడిగా, నిటారుగా పలుకును. శాస్త్రము నెరిగిన విద్వాంసుడు దీనిని విని, ఇది సంగీతమే కాదని చెవులు మూసికొనుట మిక్కిలి సులభము. పైగా అవి దొరల పాలన దినదినము విస్తరించుచున్న రోజులు. 1799లో తంజావూరు రాజ్యమే కంపెనీవారి వశమయ్యెను. పాలించువారి వాద్యమని ద్వేషించుటకును, పాలించువారి వాద్యమని అనుకరించుటకును కూడ అప్పుడు కారణములు కలవు.

ముత్తుస్వామి దీక్షితులు రెండును చేయలేదు. ఆయన శ్రద్ధగా వినెను. వినగా ఆ స్వరములు తనకు తెలియనివి కావని గ్రహించెను. మన శంకరాభరణ రాగపు ఏడు స్వరములును, తెల్లవారు మిక్కుటముగా వాడు స్వరవరుసయు ఇంచుమించు ఒక్కటియే. తెలియని వీధిలో తెలిసిన ముఖము కనబడినట్లు ఆయన సంతోషించియుండును. తనకు నచ్చిన బ్యాండు పాటలను, నాట్యపు పాటలను, జానపద గేయములను ఏరికొని, వాని నడకను చెదరనీయక సంస్కృతమున సాహిత్యమును కూర్చెను. ఇట్టివి సుమారు నలువది కలవు. స్వరమునకు ఇంగ్లీషువారు నోటు అని పేరిడుటచే వీనికి నోట్టుస్వర సాహిత్యములని పేరు వచ్చెను.

వానిలో కొన్నింటిని తలచికొన్నచో మిక్కిలి వేడుకగా నుండును. ఐర్లండు దేశమున మాలో యను ఊరి యువకులను గూర్చిన హుషారైన నాట్యపు పాట యొకటి కలదు. ఆ పాట నడకలో మధుర మీనాక్షికి వందనము చేయు స్తోత్రము వెలసెను. ఆకసమున మినుకుమినుకుమను చుక్కను గూర్చి ఇంగ్లీషు బాలలు పాడుకొను పాట మీలో చాలమందికి వచ్చును. ఫ్రాన్సు దేశమున పుట్టిన ఆ పాట బాణిలోనే శ్యామలయగు మీనాక్షిని గూర్చిన సాహిత్యము కలదు. ఇంగ్లండు రాజును దైవము కాపాడవలెనని కోరు గీతము ఆనాడు కోటలో తరచు మ్రోగుచుండెను. ఆ గీతపు బాణిలో దీక్షితులు సంగీత శ్యామలాదేవిని సంతతము తన్ను కాపాడుమని ప్రార్థించెను. రాజుకొరకు పుట్టిన పాట దేవికి చెందెను. ఎవరిపైనను కత్తి దూయకయే, ఎవరికిని తల వంచకయే ఆయన చేసిన పని యిది.

ఆ బ్యాండు ప్రభావము ఆ ఇంట మరియొక విధముగ కూడ ఫలించెను. తమ్ముడు బాలుస్వామికి ఫిడేలు నాదము మిక్కిలి నచ్చెను. చిన్నయ్య మొదలియారు ఒక యూరోపియను వాద్యకారునిచే అతనికి శిక్షణ ఇప్పించెను. మూడేండ్లు నేర్చిన పిమ్మట బాలుస్వామి ఆ వాద్యముపై మన రాగములను, మన గమకములను పలికించెను. స్వరమును జార్చుటకు ఫిడేలు తంతి ఎంతయో అనువైనది. నేడు ఫిడేలు లేని కర్ణాటక సంగీత కచేరీ అరుదు. పరదేశమునుండి వచ్చిన ఆ వాద్యము మన కచేరీలో ఆసనము పొందుటకు తొలుత బాట వేసినవారిలో బాలుస్వామి దీక్షితులు ముఖ్యుడు.

మణలిలో నున్న దినములలోనే చిదంబరనాథ యోగి యను మహాత్ముడు ఆ ఇంటికి వచ్చెను. ముత్తుస్వామి గానమును, వినయమును చూచి ముచ్చటపడి, అతనిని తనవెంట కాశీకి పంపుమని తండ్రిని కోరెను. రైళ్లు లేని కాలము. నెలల తరబడి నడక. కన్నకొడుకును అంత దూరము పంపుటకు రామస్వామి దీక్షితులకు మనసొప్పలేదు. మొదలియారు నచ్చజెప్పగా తుదకు సమ్మతించెనని చెప్పుదురు. ముత్తుస్వామి యోగివెంట నడచి కాశీ చేరి, కొన్ని సంవత్సరములు ఆయన సేవలో గడపెను. యోగము, వేదాంతము, దేవీ ఉపాసన అభ్యసించెను.

కాశీ సర్వదేశముల యాత్రికులు చేరు నగరము. అచ్చటి ఘట్టములలో, ఆలయములలో, మఠములలో హిందూస్థానీ గాయకులు ధ్రుపదమును ఆలపించుచుండిరి. ధ్రుపదము నిదానమైన గానము. తొందర లేక, ఒక్కొక్క స్వరమును నిలిపి, దాని లోతును చూపి, రాగమును మెల్లమెల్లగా విప్పుదురు. ఈ గాంభీర్యము దీక్షితుల హృదయమునకు హత్తుకొనెను. తరువాత ఆయన రచించిన కృతులలో ఎక్కువ భాగము విళంబకాలమున, గజగమనమువలె, నిండుగా నడచుటకు ఇదియు నొక హేతువని విద్వాంసులు తలంతురు.

అచ్చట వినిన రాగములలో తనకు ప్రియమైనవానిని కూడ ఆయన దక్షిణమునకు వెంటతెచ్చెను. ఉత్తరదేశపు జైజైవంతి ద్విజావంతిగను, బృందావనీ సారంగ బృందావన సారంగగను, యమన్ యమునాకల్యాణిగను ఆయన కృతులలో దర్శనమిచ్చును. శ్రీరంగనాథుని గూర్చిన రంగపురవిహార యను కృతి బృందావన సారంగలోనిది. జంబుకేశ్వరమందలి జలలింగమును గూర్చిన జంబూపతే యను కృతి యమునాకల్యాణిలోనిది. ఆ కృతిలో గంగా కావేరీ యమునల పేర్లు ఒక్కచోట చేరియున్నవి. ఉత్తరదేశపు రాగము, దక్షిణదేశపు దైవము, ఉభయదేశముల నదులు ఒక్క పాటలో సంగమించినవి.

కాశీని విడువుటకు ముందు జరిగిన ఉదంతమొకటి పెద్దలు చెప్పుదురు. ఒకనాడు యోగి శిష్యుని గంగలో దిగి చేయి చాపుమనెనట. ముత్తుస్వామి చేతికి ఒక వీణ లభించెనట. అనతికాలముననే యోగి సిద్ధి పొందెను. గురువును కోల్పోయిన శిష్యుడు ఆ వీణను భుజమున నిడుకొని తలిదండ్రులకడకు మరలెను. పిమ్మట తిరుత్తణి కొండపై సుబ్రహ్మణ్యస్వామి సన్నిధిలో, మాయామాళవగౌళ రాగమున ఆయన ప్రథమ కృతి వెలువడెను. అది మొదలు గురుగుహ యను ముద్రతో కృతులు రచింపసాగెను.

తరువాతి జీవితమంతయు క్షేత్రయాత్రయే. కాంచీపురమున కొన్ని సంవత్సరములు నివసించెను. చిదంబరము, శ్రీరంగము, మధుర మొదలగు క్షేత్రములను దర్శించి, ప్రతి దేవతను కృతులతో అర్చించెను. మన తెలుగునాటి వేంకటేశ్వరుని, శ్రీకాళహస్తీశ్వరుని గూర్చియు ఆయన కృతులు కలవు. తండ్రి కల్పించిన హంసధ్వని రాగమున వాతాపి గణపతిని గూర్చి ఆయన రచించిన కృతిని విననివారుండరు. నేటికిని పెక్కు కచేరీలు దానితోనే ప్రారంభమగుచున్నవి.

తిరువారూరున స్థిరపడిన దినములలో దీక్షితులకు సిరిసంపదలు లేవు. ఆ కాలమున రాజును స్తుతించు పాటనొకటి రచించిన పండితునకు దారిద్ర్యము తీరెడిది. దీక్షితులు నరస్తుతికి అంగీకరింపలేదు. ఒకనాడు ఇంట బియ్యము నిండుకొనెను. కమలమను శిష్యురాలు తన బంగారు కడియములను తాకట్టుపెట్టి సరుకులు తెత్తునని వేడుకొనెను. ఆయన వలదని వారించి, ఆలయమునకు పోయి త్యాగరాజేశ్వరుని గూర్చి యదుకుల కాంభోజి రాగమున కృతిని పాడెను. ఇంటికి మరలునప్పటికి, రాని అధికారికొరకు తెప్పించిన సరుకులు దీక్షితుల ఇంటికి చేరియుండెనని కథ. వినిన ప్రతి మంచి పాటకును తలయూచిన ఆ మహానుభావుడు ధనముకొరకు మాత్రము తన పాటను తలవంపనీయలేదు.

విద్యను దాచుకొనుట ఆయన ఎరుగడు. ఆలయమున శుద్ధమద్దళము వాయించు తంబియప్పన్ అను శిష్యుడు తీరని కడుపునొప్పితో బాధపడుచుండెను. గ్రహపీడ యని తలచి, దాని శాంతికై దీక్షితులు అఠాణా రాగమున బృహస్పతి కృతిని రచించి నేర్పెనని ప్రతీతి. నవగ్రహ కృతుల రచనకు ఇదియే నాంది యందురు. తంజావూరున పొన్నయ్య, చిన్నయ్య, శివానందము, వడివేలు అను నలుగురు సోదరులు ఆయన శిష్యులైరి. నేటి భరతనాట్య కచేరీ క్రమమును తీర్చిదిద్దినవారు వీరే. వారిలో వడివేలు ఫిడేలు వాదనమునను ప్రఖ్యాతి గాంచి, 1834లో తిరువాంకూరు మహారాజగు స్వాతి తిరునాళ్‌వలన దంతపు ఫిడేలును బహుమానముగ పొందెను.

జీవితపు చివరిదశలో దీక్షితులు తమ్ముడు బాలుస్వామిని చూడగోరి ఎట్టయపురమునకు ప్రయాణమయ్యెను. అప్పటికి బాలుస్వామి ఆ సంస్థానమున ఆస్థాన విద్వాంసుడు. దారిలో నేల బీటలువారి, పైరులు మాడియుండుట చూచి దీక్షితుల హృదయము కరగెను. అమృతవర్షిణి రాగమున దేవిని ప్రార్థింపగా వాన కురిసెనని నేటికిని జనులు చెప్పుకొందురు. ఎట్టయపురమున ప్రభువు ఆయనను భక్తితో ఆదరించెను. 1835వ సంవత్సరము నరకచతుర్దశినాడు, శిష్యులు మీనాక్షీదేవిని గూర్చిన ఆయన కృతిని పాడుచుండగా, దీక్షితులు దేహము చాలించిరి. ఆయన సమాధి ఎట్టయపురమున నున్నది.

దీక్షితుల పాటలు మనవరకు వచ్చిన తీరు కూడ తెలిసికొనదగినది. తెలుగుభాషకు నిఘంటువును కూర్చి, మన తాళపత్ర గ్రంథములను సేకరించిన సి. పి. బ్రౌను దొరను మీరెరుగుదురు. దీక్షితులు జీవించియుండగానే, 1833 ప్రాంతమున, ఆయన నోట్టుస్వరములలో కొన్నింటిని బ్రౌనుకొరకు వ్రాసియిచ్చిరి. వానిని గూర్చిన తొలి వ్రాతప్రతి అదియే. ఇంగ్లీషు, ఐరిషు బాణీలు తమిళనాట సంస్కృతమున పాటలై, తెలుగు సాహిత్యమునకు సేవచేసిన దొర గ్రంథములలో చేరుట ఎంత చిత్రము!

తక్కిన కృతులు చాలకాలము శిష్యుల నోటనే నిలిచినవి. బాలుస్వామి దౌహిత్రుడు సుబ్బరామ దీక్షితులు ఆ సొత్తును కాపాడుకొనుచుండెను. పాశ్చాత్య సంగీతము నెరిగి, మన కీర్తనలను ఆ స్వరలిపిలో అచ్చువేయబూనిన చిన్నస్వామి మొదలియారు అను క్రైస్తవ పెద్దమనిషి, దానిని లోకమునకు ఇమ్మని ఆయనను ప్రోత్సహించెను. ఎట్టయపురపు ప్రభువు వ్యయము భరించెను. 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని యను మహాగ్రంథము రెండు సంపుటములుగ ప్రకటితమయ్యెను. గమకములకు సైతము గుర్తులు ఏర్పరచి స్వరములు వ్రాసిన ఆ గ్రంథము తెలుగులిపిలో, తెలుగుభాషలో వెలువడెను. ఆ కాలమున దక్షిణదేశపు సంగీత విద్వాంసులకు తెలుగు నిత్యపరిచితమగు భాష. రెండు వందలకు పైబడిన దీక్షితుల కృతులను అది నష్టము కాకుండ నిలిపెను.

దీక్షితులు ప్రపంచమునకు చెవులు మూసికొనలేదు. తన ఇంటి విద్యను మరువనులేదు. తన విద్యయందు గట్టి పట్టు గలవాడే ఇతరుల విద్యను నిర్భయముగ వినగలడు. అట్లు వినినవానికి శత్రువు శిబిరములో మ్రోగు పాటయందు సైతము తన శంకరాభరణము వినవచ్చును. నేడు లోకమునగల సంగీతములన్నియు మన ఇంటిలోనే వినుటకు లభించుచున్నవి. వినుటకు ఆయన నెలల తరబడి నడచెను. మనకు ఆ శ్రమ లేదు. వినినదానిలో మేలైనదానిని ఏరుకొను వివేకమును, ఏరుకొన్నదానిని మనదిగ చేసికొను శక్తిని మాత్రము ఆయనవలెనే మనమును సాధనచేతనే సంపాదింపవలెను.